కొండ నడుముకు మంచు

కంప్యూటర్ వచ్చాకే చూసేవాడు బొమ్మ లోపలికి అడుగుపెట్టాడని న్యూ మీడియా కళ గురించి రాసేవాళ్లు తరచూ అంటుంటారు. చైనా వైపు చూస్తే ఈ మాట నిలవదు. ఐదో శతాబ్దంలో చిత్రకారుడు జోంగ్ బింగ్ కొండలెక్కే ఓపిక పోయాక, తాను తిరిగిన కొండల్ని గోడల మీద గీసుకుని పడుకున్న చోటినుంచే వాటిలో విహరించాడు. పదకొండో శతాబ్దపు చిత్రకారుడు గువో షీ ఇంకా తేటగా చెప్పాడు: కొన్ని కొండబొమ్మల్లో నడిచిపోవచ్చు, కొన్నింటిని చూడొచ్చు, కొన్నింటిలో తిరుగాడవచ్చు, కొన్నింటిలో కాపురమే ఉండొచ్చు. చివరి రెండూ మేలైనవని ఆయన తీర్పు.

కళాకారుడు జెఫ్రీ షా కంప్యూటర్‌తో చేసిన 'ద లెజిబుల్ సిటీ' (1989)ని నేను ఈ కొలతతోనే చూస్తాను. కదలని సైకిలెక్కి తొక్కితే, అక్షరాలతో కట్టిన మాన్‌హట్టన్ వీధులు తెరమీద ఎదురొస్తాయి. హ్యాండిల్ తిప్పిన వైపు దారి తిరుగుతుంది. ముచ్చటైన ఊహ. కానీ అది నడిచిపోయే ఊరే తప్ప కాపురముండే ఊరు కాదు.

కెనడా కళాకారిణి షార్ డేవీస్ 1995లో చేసిన 'ఆస్మోస్' దారి వేరు. కళ్లముందు తెరలున్న హెల్మెట్, ఛాతీకి ఊపిరిని పసిగట్టే కోటు. గాలి పీలిస్తే పైకి తేలతారు, వదిలితే కిందికి దిగుతారు, ఒంగిన వైపు సాగుతారు. ఆమెకు స్కూబా డైవింగ్ అలవాటు. ఈ ఒడుపు నీళ్లలో దొరికిందే. అక్కడి చెట్టుకు గట్టి అంచులుండవు, దానిగుండా వెనకున్నవీ లీలగా కనిపిస్తాయి.

గువో షీదీ ఇలాంటి కిటుకే: కొండ ఎత్తు తెలియాలంటే దాన్ని మొత్తం చూపించకూడదు, నడుముకు మంచు చుట్టాలి. తైపీ నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉన్న ఆయన 'తొలి వసంతం' (1072)లో దిగువన పడవల దగ్గర చీమంత మనుషులు, కుడివైపు లోయలో గుడి కప్పులు, మధ్యమధ్య ఏమీ గీయని పట్టుగుడ్డ. ఆ ఖాళీలో దారి వేసుకోవాల్సింది చూసేవాడే. తొమ్మిది వందల ఏళ్ల ఎడం ఉన్నా, డేవీస్ గువో షీకి దగ్గరి చుట్టమనే నా నమ్మకం. ఇద్దరూ చూసేవాడి నడక నెమ్మదించేలా చేశారు, అతనికి చోటు వదిలారు.

వాన్ గో బొమ్మల్ని గోడలనిండా పరిచే ఇప్పటి ప్రదర్శనల్లో నాకు కనిపించనిది ఆ చోటే. నేల మీద కూడా రంగులు కదులుతూనే ఉంటాయి. కన్ను ఆగడానికి ఒక్క మూల ఖాళీ ఉండదు, చూసేవాడు ఊహించుకోవాల్సిందంతా ప్రొజెక్టర్లే ముందుగా చూపించేస్తాయి.