మోసుకెళ్లే పియానో

పన్నెండు కిలోల డిజిటల్ పియానో అంటే అసలు పియానో దొరకని చోట చేసుకునే సర్దుబాటని చాలామందికి ఒక చిన్నచూపు. ఇంట్లో ఒంటరిగా వాయించుకునేవాళ్ల విషయంలో అందులో కొంత నిజం ఉంది. బ్యాండ్‌తో వాయించేవాళ్ల లెక్క వేరు. పక్కన బేస్ గిటార్, వెనక డ్రమ్స్ మోగుతుంటే పియానో చేయాల్సిన పనిలో సగం వాళ్లే చేసేస్తారు. మిగతా సగానికి ఎంత పియానో కావాలో ముందు తేల్చుకుంటే, ఏది కొనాలో తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు.

జాజ్ వాద్యకారులకు ఈ సంగతి డిజిటల్ పియానో పుట్టకముందే తెలుసు. కౌంట్ బేసీ న్యూయార్క్ హార్లెమ్‌లోని స్ట్రైడ్ శైలి వంటబట్టిన మనిషి. ఆ శైలిలో ఎడమచేతికి ఊపిరాడదు. కింద ఒక బేస్ స్వరం, పైన ఒక కార్డ్, మళ్లీ కింద, మళ్లీ పైన. 1930లలో కాన్సస్ సిటీలో సొంత బృందం పెట్టాక ఆయనకు బేస్‌లో వాల్టర్ పేజ్, డ్రమ్స్ మీద జో జోన్స్ కుదిరారు. 1937లో గిటార్‌తో ఫ్రెడ్డీ గ్రీన్ చేరారు. తాళం మోయడానికి ఇంతమంది ఉండగా తన ఎడమచేతికి పనేముంది? బేసీ దానికి చాలావరకు సెలవిచ్చేశారు. కుడిచేత్తో రెండు మూడు స్వరాలు, కాసేపు మౌనం, సరైన చోట ఇంకో రెండు. అంత పొదుపుగా వాయించిన పియానోనే ఆ పెద్ద బృందానికి గుర్తుగా నిలిచింది.

1950ల చివర్లో జాజ్ పియానిస్ట్ బిల్ ఎవాన్స్ వంటివాళ్లు ఈ పొదుపును ఇంకాస్త ముందుకు తీసుకెళ్లారు. కార్డ్‌లో మూలస్వరాన్నే వదిలేశారు. సీ సెవెన్ కార్డ్ వాయించాలంటే అందులో సీ ఉండదు. ఈ, ఏ, బీ ఫ్లాట్, డీ మాత్రం పియానో నడిమి భాగంలో, ఒకదాని పక్కన ఒకటి. సీ సంగతి బేస్ చూసుకుంటుంది. సినిమా పాటలు వాయించే మన ఆర్కెస్ట్రాల్లోనూ ఈ కిటుకు పనికొస్తుంది. రెండు చేతులా నిండుగా కార్డ్‌లు దంచే అలవాటున్నవాళ్లు ఒక్కసారి ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని పాటంతా వాయించి చూడాలి. గాయకుడి గొంతు ఎంత తేటగా వినిపిస్తుందో అప్పుడు తెలుస్తుంది.

దీని వెనక శబ్దశాస్త్రం కూడా ఉంది. పియానోలో అట్టడుగు మెట్టు 27.5 హెర్ట్జ్‌లో పలుకుతుంది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో కింది తీగ సుమారు 41. ఇద్దరూ ఆ అడుగునే తచ్చాడితే ఎవరి స్వరమూ విడిగా వినపడదు. కాబట్టి పెద్ద పియానో అడుగు స్వరాల గాంభీర్యం తేలిక పియానోలో కాస్త తగ్గినా బ్యాండ్‌కు నష్టం లేదు. 88 మెట్లకు బదులు 73 ఉన్నా చాలాసార్లు సరిపోతాయి. బేస్ వాయించేవాళ్లే లేని బృందమైతే కథ మారుతుంది. రాక్ బృందం ‘ది డోర్స్’ కచేరీల్లో రే మంజరెక్ ఎడమచేత్తో ఫెండర్ రోడ్స్ పియానో బేస్ మీద ఆ లోటు తీర్చేవారు.

బరువు సంగతికొస్తే, పాతతరం నిజంగానే నడుములు విరగ్గొట్టుకుంది. 1970లో వచ్చిన రోడ్స్ స్టేజ్ 73 ఎలక్ట్రిక్ పియానో సుమారు 60 కిలోలు. 1976 నాటి యమహా సీపీ-70లో నిజమైన తీగలే ఉండేవి. రెండు ముక్కలుగా విడదీస్తే గానీ కదిలేది కాదు. 1983లో యమహా డీఎక్స్7 సింథసైజర్ వచ్చి బరువును ఒక్కసారిగా దింపేసింది గానీ, మెట్టు కింద సుత్తి బరువు తగిలే పియానో స్పర్శ దానిలో లేదు. ఇప్పుడు ఆ స్పర్శతోనే క్యాసియో పీఎక్స్-ఎస్1000 సుమారు 11 కిలోలు, యమహా పీ-125 సుమారు 12, రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్ సుమారు 15 తూగుతాయి. ఈ అంకెల్లో బ్యాగు, స్టాండు, పెడల్ ఉండవని మాత్రం గుర్తుంచుకోవాలి.

నా మట్టుకు నేను వదులుకోనిది స్పర్శ. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా పలకకపోతే బేసీలా రెండు స్వరాలతో నెట్టుకురావడం కుదరదు. తక్కువ స్వరాలు వాయించేవాళ్లకు ప్రతి స్వరం బరువూ లెక్కే. తేలిక పియానోల్లో తరచూ కనిపించే లోపం, మెట్టు లోపలి కొస బిగుసుకుపోవడం. అది తిరిగే ఇరుసు మరీ దగ్గరగా ఉంటే అలా అవుతుంది. నల్లమెట్ల మధ్యకు వేళ్లు తోసి మెల్లగా వాయిస్తే దుకాణంలోనే బయటపడుతుంది.

తెలుగు పాటల బృందాలకు ఇంకో అవసరం ఉంది. ఫ్లూటు, నాదస్వరం బిట్లు కూడా కీబోర్డ్ మీదే పలికించాలి. గమకానికి పిచ్ బెండ్ చక్రం కావాలి. చాలా డిజిటల్ పియానోల్లో అది ఉండదు. అలాంటి బృందానికి యమహా సీకే61 లాంటిది మేలు. ఆరు కిలోల లోపే; మెట్లు మాత్రం పియానో మెట్లు కావు. గాయకుల శ్రుతి మారినప్పుడల్లా ఆదుకునే ట్రాన్స్‌పోజ్ బటన్ దాదాపు అన్నింట్లోనూ ఉంటుంది. అది ఎన్ని మెనూల వెనక దాక్కుందో చూసుకోండి. పాటకూ పాటకూ మధ్య దొరికేది నాలుగు క్షణాలే.

వెనక ఏ జాక్‌లు ఉన్నాయో చాలామంది చూడరు. యమహా పీ-45, రోలాండ్ ఎఫ్‌పీ-10 వంటి చవక మోడళ్లలో మిక్సర్‌కు కలిపే లైన్ అవుట్ ఉండదు, హెడ్‌ఫోన్ జాక్‌తోనే సరిపెట్టుకోవాలి. ఇక పియానో నాదాన్ని రెండు చెవులకూ పరిచినట్టు స్టీరియోలో రికార్డ్ చేస్తారు; పెళ్లి పందిళ్లలో, వినాయక మండపాల్లో సౌండ్ సిస్టమ్ తరచూ మోనోలో నడుస్తుంది. ఎడమ, కుడి ధ్వనులు కలిసిపోయినప్పుడు కొన్ని పియానో నాదాలు ఒకదాన్నొకటి రద్దుచేసుకుని పీలగా మారిపోతాయి. హెడ్‌ఫోన్లో విని మురిసిపోయిన పియానోను కొనేముందు, ‘ఎల్/మోనో’ అని రాసున్న జాక్ నుంచి ఒకే స్పీకర్‌కు కలిపి, ఫోన్‌లో ఏదైనా పాట బేస్, డ్రమ్స్‌తో సహా గట్టిగా పెట్టి, దాని మీద వాయించి వినండి. దుకాణంవాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.