ఇంటికొస్తే మళ్లీ చిన్నోడే

బ్యాంకులో మేనేజరుగా ఊళ్లోవాళ్ల అప్పుల కాగితాల మీద సంతకాలు పెట్టే మనిషి పండక్కి సొంతూరు వెళ్లి బంతిలో కూర్చోగానే, ‘వాడికి ముందు వడ్డించండర్రా, లేకపోతే అలిగి లేచిపోతాడు’ అంటుంది అక్క. అలిగి లేచిపోయింది ఏడేళ్ల వయసులో. ఇప్పుడతనికి యాభై దాటాయి. భోజనానికి ముందు షుగరు మాత్ర వేసుకుని, విస్తట్లో పడిన బూరె తినాలా మానాలా అని ఆలోచిస్తున్నాడు. అయినా అక్క అనే మాట అదే, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వే నవ్వు అదే. కాసేపటికి అతను నిజంగానే మొహం ముడుచుకుంటాడు. ‘చూశారా, నే చెప్పలా!’ అంటుంది అక్క. కౌంటరు దగ్గర ఎవరెంత గొడవ పెట్టుకున్నా మొహం చిట్లించని మనిషి అతను. ఇలాంటివి మన ఇళ్లలో ఎంత మామూలంటే, 2013లో వచ్చిన ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ సినిమాలో వెంకటేశ్, మహేశ్‌బాబు పాత్రలు పెద్దోడు, చిన్నోడుగానే మొదలై అలాగే ముగిసినా అసలు పేర్లు లేవన్న సంగతి చూసినవాళ్లకు లోటుగా అనిపించలేదు. ఇంట్లోవాళ్లు దీన్ని గుణం అంటారు, చిన్నప్పటి నుంచీ వాడింతే అంటారు. నేనలా అనుకోను. అలక అతని గుణమే అయితే బ్యాంకులోనూ బయటపడాలి కదా. అది ఆ బంతిలో, ఆ మనుషుల మధ్య, ఆ మాట పడినప్పుడే లేస్తుంది. అక్కడున్నవాళ్లంతా కలిసి ఏళ్ల తరబడి కాపాడుకొస్తున్న అలవాటు అది. మానాల్సింది కూడా వాళ్లే.

పుట్టిన వరసను బట్టి స్వభావం వస్తుందన్న నమ్మకం మనది మాత్రమే కాదు. దానికి శాస్త్రం హోదా ఇచ్చినవాడు వియన్నా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్. పెద్దవాడికి పెత్తనం, కడగొట్టువాడికి గారాబం అని ఆయన చెప్పిన తీరు మన అమ్మమ్మలు చెప్పేదానికి పెద్ద దూరంలో లేదు. 1996లో ఫ్రాంక్ సల్లొవే అనే అమెరికన్ పండితుడు, చరిత్రలో పాత నమ్మకాల మీద తిరగబడినవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో తర్వాత పుట్టినవాళ్లేనంటూ పెద్ద పుస్తకమే రాశాడు. కానీ పెద్ద ఎత్తున లెక్కలు తీసేసరికి ఆ వాదం నిలబడలేదు. 2015లో జర్మనీ పరిశోధకులు అమెరికా, బ్రిటన్, జర్మనీ దేశాల్లో 20 వేల మందికి పైగా మనుషుల వివరాలు పరిశీలించారు. కలుపుగోలుతనం, ఓర్పు, బాధ్యత వంటి గుణాలకూ పుట్టిన వరసకూ చెప్పుకోదగ్గ సంబంధం దొరకలేదు. తెలివితేటల పరీక్షల్లో మాత్రం ముందు పుట్టినవాళ్లకు అతి స్వల్పమైన మొగ్గు కనిపించింది. అదే ఏడాది అమెరికాలో 3,77,000 మంది హైస్కూలు విద్యార్థుల సమాచారం మీద జరిగిన మరో అధ్యయనంలోనూ తేడా ఉందనడానికి లేనంత చిన్నదిగా తేలింది. మరి ఇన్ని కోట్ల ఇళ్లలో ఇంతమంది కళ్లారా చూస్తున్నామంటున్నది ఏమిటి? దీనికి నాకు నచ్చిన జవాబు జుడిత్ రిచ్ హ్యారిస్‌ది. ఆమె ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యురాలు కాదు, ఇంట్లో కూర్చుని పాఠ్యపుస్తకాలు రాసుకునే మనిషి. 1998లో ఆమె ఒక చిన్న తేడా పట్టుకుంది. పిల్లల గురించి తల్లిదండ్రులనో తోబుట్టువులనో అడిగితే పుట్టిన వరస ప్రభావం బాగా కనిపిస్తుంది. బయటివాళ్లు గమనిస్తే అది మాయమవుతుంది. అంటే ఇంట్లోవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఇంట్లో వాళ్లకు కనిపించేది ఇంట్లో నిజమే. గడప దాటితే ఆ నిజం చెల్లదు.

ఆ నిజాన్ని ఇల్లు ఎలా నిలబెడుతుందన్నది ఇంకా ఆసక్తికరం. అమెరికాలో ఇద్దరేసి పిల్లలున్న కుటుంబాల మీద అలెక్స్ జెన్సెన్, సూసన్ మెక్‌హేల్ అనే పరిశోధకులు చేసిన పని ఒకటి 2015లో వెలువడింది. ఇద్దరిలో ఎవరు తెలివైనవాళ్లని అడిగితే ఎక్కువమంది తల్లిదండ్రులు పెద్ద బిడ్డనే చూపించారు. అప్పటిదాకా వచ్చిన మార్కులు ఆ మాటను సమర్థించలేదు. కానీ ఆ నమ్మకం మాత్రం ఆ తర్వాత వచ్చే మార్కుల్లో జాడ వదిలింది. పిల్లలు తమ గురించి ఇంట్లో అనుకుంటున్నదాన్ని నిజం చేశారన్నమాట. తల్లిదండ్రులు ఇలా మొదలుపెట్టినదాన్ని రోజువారీగా నడిపేది తోబుట్టువులు. నడిపే సాధనం వేళాకోళం. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త జూడీ డన్ 1980లలో కేంబ్రిడ్జ్ ప్రాంతపు ఇళ్లకు వెళ్లి, పసిపిల్లలు అన్నలతో అక్కలతో ఎలా మసలుతున్నారో ఓపికగా చూసి రాసుకుంది. మాటలింకా సరిగా రాని, రెండేళ్లు నిండని పిల్లలు కూడా పోట్లాట మధ్యలో లేచి వెళ్లి అన్నకు ప్రాణమైన వస్తువునే తీసి దాచేయడమో పాడుచేయడమో ఆమెకు కనిపించింది. ఎదుటివాడికి ఎక్కడ నొప్పి పుడుతుందో తెలుసుకోవడం మనిషి నేర్చే మొదటి విద్యల్లో ఒకటి, అది నేర్చేది తోబుట్టువు మీదే. అందుకే ఆ వయసులో దొరికిన గురి జీవితాంతం తప్పదు. ఆఫీసులో వందమంది అన్నా పట్టించుకోని మనిషి చెల్లెలు ఒక్క మాట అంటే ఎందుకు ఉడుక్కుంటాడో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఈ విషయాన్ని మహాభారతం అంత పూర్తిగా చూపించిన గ్రంథం ఇంకొకటి ఉందనుకోను. ఆదిపర్వంలో కౌరవ పాండవుల బాల్యం గుర్తు చేసుకోండి. మన లెక్కలో పెదనాన్న పిల్లలూ అన్నదమ్ములే. ఆటల్లో భీముడు కౌరవుల్ని జుట్టు పట్టి ఈడుస్తాడు. నీళ్లలో దిగితే ఒకేసారి పదిమందిని పట్టి ముంచి, ఊపిరాడక గిలగిల్లాడాక వదులుతాడు. పళ్లకోసం వాళ్లు చెట్టెక్కితే కింద నుంచి చెట్టును తన్ని, పళ్లతోపాటు వాళ్లనూ రాలుస్తాడు. ఇదంతా చిన్నతనం కొద్దీ చేశాడే తప్ప ద్రోహబుద్ధితో కాదని వ్యాసుడు ప్రత్యేకంగా చెబుతాడు. ఆ వెంటనే దుర్యోధనుడి మనసులో ఏం పుట్టిందో చెబుతాడు. ప్రమాణకోటిలో విషం పెట్టి గంగలో తోసే దాకా వెళ్లింది ఆ కథ. చేసినవాడికి ఆట, పడినవాడికి పగ, రెండూ ఏకకాలంలో నిజమేనని ఒప్పుకున్న నిజాయితీ అది. రాజ్యం కోసం జరిగిన యుద్ధాన్ని చెట్టు తన్నిన సంగతికి ముడిపెట్టడం అతి అని ఎవరైనా అనవచ్చు. యుద్ధానికి కారణం రాజ్యమే, కాదనను. కానీ పెద్దవాళ్లయ్యాక వాళ్లు ఒకరినొకరు తిట్టుకునే తిట్లు వినండి. యుద్ధం ముందు ఉలూకుడితో పంపిన సందేశంలో దుర్యోధనుడు భీముణ్ణి విరటుడి కొలువులోని వంటవాడని గుర్తుచేస్తాడు. ద్రోణపర్వంలో భీముణ్ణి ఓడించిన కర్ణుడు చంపకుండా వదిలేస్తూ, గడ్డం మొలవనివాడా, తిండిపోతా అని పదేపదే వెక్కిరిస్తాడు. ఏనుగుల్ని కూల్చిన యోధుణ్ణి రణరంగంలో అనడానికి దొరికింది పిల్లల గదిలో మాట. అన్నవాడు తోడబుట్టిన అన్నేనన్న సంగతి భీముడికి తెలియదు, కర్ణుడికి తెలుసు.

అంతకన్నా నన్ను కదిలించేది మహాప్రస్థానిక పర్వం. హిమాలయాల దారిలో ద్రౌపది తర్వాత తమ్ముళ్లు ఒక్కొక్కరే పడిపోతుంటే, ఎందుకు పడ్డారని భీముడు అడుగుతాడు, ధర్మరాజు చెబుతాడు. తనంత తెలివైనవాడు లేడనుకున్నాడని సహదేవుడు, తనంత అందగాడు లేడనుకున్నాడని నకులుడు, ఒక్క రోజులో శత్రువులందరినీ దహిస్తానని గొప్పలు పోయాడని అర్జునుడు. చివరికి భీముడే పడిపోయి నా సంగతేమిటంటే, ఎదుటివాళ్ల గురించి చూడకుండా అతిగా తిన్నావు, బలం చూసుకుని విర్రవీగావు అంటాడు. లక్క ఇంటి మంటల నుంచి తల్లినీ తోబుట్టువుల్నీ మోసుకుని బయటపడ్డ తమ్ముడు అతను. ఆ అన్న కోసం పన్నెండేళ్లు అడవిలో కోపం దిగమింగినవాడు. మరణ ఘడియలో అతని ఖాతాలో మిగిలింది తిండి సంగతి. ధర్మదృష్టితో దీనికి పెద్దలు చెప్పే వ్యాఖ్యానాలు నాకు తెలుసు, వాటిని గౌరవిస్తాను. అయినా ఒక ఇంటి పెద్దన్న నోట వచ్చిన మాటలుగా చూస్తే, తెలివైనవాడు, అందగాడు, విలుకాడు, తిండిపోతు అని చిన్నప్పుడు తమ్ముళ్లకు తగిలించిన చీటీలు చివరి మలుపు దాకా ఊడలేదనిపిస్తుంది.

ఆటపట్టించడం ప్రేమకు గుర్తు, పరాయివాళ్లనైతే అంటామా అన్నది అందరూ చెప్పే మాట. అందులో సగం నిజముంది. పరాయివాళ్ల దగ్గర ఆ చనువు ఉండదు. తక్కిన సగం గురించి అన్నవాళ్లను కాదు, పడినవాళ్లను అడగాలి. జస్టిన్ క్రూగర్, సహచరులు 2006లో ప్రచురించిన పరిశోధనలో తేలింది ఇదే: ఏడిపించేవాళ్లకు తమ మంచి ఉద్దేశం తెలుసు కాబట్టి అది ఎదుటివాళ్లకూ తెలుస్తోందనుకుంటారు. ఎదుటివాళ్లకు తెలిసేది మాట ఒక్కటే. బ్రిటన్‌లో దాదాపు 7 వేల మంది పిల్లల్ని పన్నెండో ఏట ప్రశ్నించి, పద్దెనిమిదో ఏట మళ్లీ పరిశీలించిన ఫలితాలు 2014లో వచ్చాయి. వారానికి పలుమార్లు తోబుట్టువుల చేత వేధింపులు పడ్డామన్నవాళ్లలో డిప్రెషన్ తక్కినవాళ్లకన్నా దాదాపు రెట్టింపు. అందులో కొట్టడాలూ ఉన్నాయి, కాబట్టి విస్తరి ముందు పడే మాటను దానితో సమానం చేయను. హద్దు ఎక్కడ దాటుతుందో పడేవాడికే ముందుగా తెలుస్తుందన్న సంగతి మాత్రం రెండుచోట్లా ఒకటే.

పైగా వేళాకోళానికి పద్ధతి పెట్టడం మనకు తెలియనిది కాదు. బావా మరదళ్ల పరిహాసాలకు, బావా బావమరుదుల సరసాలకు మన సమాజం ఎప్పుడో అనుమతి ఇచ్చింది. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ వంటి మానవ శాస్త్రవేత్తలు 1940 నాటికే ఇలాంటి చుట్టరికాల మీద రాశారు. పెళ్లిలో వియ్యాలవారి పాట చూడండి. ఆడపెళ్లివాళ్లు దెప్పితే మగపెళ్లివాళ్లు తిరిగి అందుకుంటారు. పాటకు సమయం ఉంది, అయిపోయాక తాంబూలం ఉంది. ఇద్దరికీ వంతు వస్తుంది, ముగింపూ వస్తుంది. తోబుట్టువుల వేళాకోళానికి ఈ రెండూ లేవు. ఎప్పుడూ ఒకరే అంటారు, ఎప్పుడూ ఒకరే పడతారు, నలభై ఏళ్లయినా పాట ఆగదు. తిరిగి ఏదైనా అంటే ‘అదిగో, మళ్లీ అలిగాడు’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. బయటపడే దారిని కూడా ఆ వేళాకోళమే మూసేస్తుంది, నాకున్న ప్రధానమైన అభ్యంతరం అది.

దీన్ని చిన్నవాళ్ల కష్టంగానే చూస్తే పొరపాటు. ‘పెద్దోడు చూసుకుంటాడులే’ అన్న మాట మెచ్చుకోలులాగే వినిపిస్తుంది గాని, అప్పు చేసైనా చెల్లెలి పెళ్లి గట్టెక్కించాల్సింది ఆ పెద్దోడే, ఆసుపత్రిలో రాత్రిళ్లు ఉండాల్సిందీ అతనే. అతనికి చేతకాని రోజు వస్తే అడగడానికి మాట రాదు, ఇవ్వడానికి ఎవరికీ తోచదు. ఇక పాత్రలు అసలు రంగు చూపేది పంపకాల దగ్గర. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచే ఇచ్చింది, దేశమంతటికీ వచ్చింది 2005లో. అయినా పంపకాల రోజు అన్నదమ్ములు లెక్కలు వేసుకుంటుంటే చెల్లెల్ని కాఫీలు పెట్టమంటారు. లెక్క అడిగితే ‘చిన్నప్పటి నుంచీ ఇది గడుసుదే’ అని నవ్వుతారు. ఆ నవ్వు ముందు చాలామంది ఆడవాళ్లు కాగితం చదవకుండానే సంతకం పెట్టేస్తారు. చట్టం ఇచ్చిన హక్కును చిన్నప్పటి చీటీ ఒకటి లాగేసుకుంటే దాన్ని సరదా అనడానికి నాకు నోరు రాదు.

ఇంత తూచి మాట్లాడితే అన్నాచెల్లెళ్లు కూడా ఆఫీసులో మనుషుల్లా అయిపోతారన్న భయం ఉంది. ఆ భయాన్ని కొట్టిపారేయలేను. తల్లిదండ్రులు ముందే వెళ్లిపోతారు, భార్యాభర్తలు మధ్యలో వస్తారు, పుట్టుక నుంచి ముసలితనం దాకా తోడుండేది తోబుట్టువే. హార్వర్డ్‌లో 229 మంది మగవాళ్లను దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనం ఫలితం ఒకటి 2007లో వచ్చింది. ఇరవై ఏళ్లలోపు తోబుట్టువులతో సఖ్యత లేనివాళ్లకు యాభై ఏళ్ల లోపు తీవ్రమైన డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువని, తల్లిదండ్రుల పెంపకం సంగతి లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచిందని అందులో తేలింది. ఇంత విలువైన బంధం కాబట్టే దాన్ని ఏడేళ్ల వయసు దగ్గర ఆపేయకూడదంటున్నాను. నవ్వుకోవడానికి పాత కథలు కావాలి, ఉండనివ్వండి. ఏ కథ చెప్పాలో, ఏది ఇక చాలో తేల్చే హక్కు మాత్రం ఆ కథ ఎవరిదో వాళ్లకు ఇవ్వాలి. వాళ్లు ఒక్కసారి ‘వద్దు’ అంటే అది అలక కింద జమకట్టకూడదు. ఈ ఒక్క పద్ధతి పాటిస్తే సరదా ఏమీ చచ్చిపోదు.

చదువుతున్నవారిలో అక్కలూ అన్నలూ ఉంటే ఒక మాట. ఈసారి పండక్కి అందరూ కలిసినప్పుడో, అమెరికాలో ఉన్న తమ్ముడితో వీడియో కాల్ మాట్లాడేటప్పుడో, పాత అలక సంగతి ఎత్తబోయే ముందు అతని ఉద్యోగం గురించి, అతని పిల్లల గురించి, అతని షుగరు గురించి మీకు నిజంగా జవాబు తెలియని ఒక ప్రశ్న అడగండి. అతను జవాబు చెప్పేదాకా ఆగండి.