కొనల దగ్గర కన్ను

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి భూప్రదక్షిణకు బయలుదేరిన నౌకాదళ తెరచాప పడవ 'తారిణి' పొడవు 17 మీటర్లు, మాస్ట్ (తెరచాపను మోసే స్తంభం) ఎత్తు 25 మీటర్లు. అందులో వెళ్లిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. అంత పొడుగు మాస్ట్ తన బలంతో తాను నిలబడదు. ముందుకూ వెనక్కూ పడకుండా స్టేలు, పక్కలకు ఒరగకుండా ష్రౌడ్లు అనే స్టీలు వైర్లు దాన్ని లాగి పట్టుకుంటాయి. నడిసముద్రంలో ఒక్క వైరు ఊడినా మాస్ట్ కూలిపోవచ్చు. అందుకే ఇలాంటి పడవల్లో ప్రయాణానికి ముందు తనిఖీ మాస్ట్ కొన నుంచే మొదలవుతుంది.

ఒకరు తాడుకు వేలాడే కుర్చీలో కూర్చుంటే కిందివాళ్లు వించ్ తిప్పి పైకి లాగుతారు. రక్షణకు రెండో తాడు వేరే ఉంటుంది. సాధారణంగా వాడేది 19 తీగలు పేనిన స్టెయిన్‌లెస్ వైరు. అది నడుమ తెగడం అరుదు, తెగేది కొనలోనే. కొనను లోహపు గొట్టంలో దూర్చి యంత్రంతో నొక్కి బిగిస్తారు. ఆ ఇరుకులోకి ఉప్పునీరు దిగి నిలిచిపోతే, గాలి తగలని చోట స్టెయిన్‌లెస్‌కు కూడా తుప్పు పడుతుంది. పైకి కనిపించేది సన్నటి గోధుమరంగు చార, లేదంటే వెంట్రుకంత పగులు. భూతద్దం పెట్టి వెతుకుతారు. తర్వాత వైరు పొడవునా దూది రాస్తూ దిగుతారు. తెగిన తీగ కొస ఎక్కడున్నా దూది పోగు దానికి చిక్కుకుంటుంది. అలా ఒక్క తీగ దొరికినా వైరు మొత్తం మార్చాల్సిందే.

డెక్కు దగ్గర వైరును బిగించేది టర్న్‌బకిల్. దాని రెండు చివరల మరలు ఎదురెదురు దిశల్లో ఉంటాయి కనుక నడిమి భాగాన్ని తిప్పితే రెండూ ఒకేసారి లోపలికి వస్తాయి. అలల కుదుపుకు అది తిరిగి వదులు కాకుండా ఒక చిన్న స్ప్లిట్ పిన్ను కాపలా. దాని కాళ్లు కాస్తే విప్పాలి. పూర్తిగా మడిచేస్తే అవసరానికి ఊడిరాదు. తెరచాప చిరగకుండా పిన్ను మీద టేపు చుడతారు, అదీ పిన్ను మేరకే. టర్న్‌బకిల్ అంతా చుట్టేస్తే తడి లోపలే ఉండిపోతుంది.

తెరచాపల్లో బట్ట కంటే ముందు పోయేది దారం. చొక్కా కుట్టు బట్టలోకి దిగిపోతుంది. గట్టి డేక్రాన్ గుడ్డ మీద మాత్రం దారం పైకి తేలే ఉండి ఎండనూ రాపిడినీ తానే భరిస్తుంది. బొటనవేలి గోటితో గీకితే తెగిందా, ఆ కుట్టంతా మళ్లీ వేయాలి. చాప అంచు మాస్ట్ అడ్డకర్రలకు ఎక్కడ తగులుతోందో ఎగరేసి చూసి, గుర్తుపెట్టి, అక్కడ అతుకు వేస్తారు.

చాపను పైకెత్తే తాడుది మరో చిక్కు. రోజుల తరబడి మాస్ట్ కొనలోని కప్పీ మీద ఒకే చోట ఒరుసుకుంటుంది. దానికి ఉపాయం, తాడు కాస్త పొడవుగా ఉంచుకోవడం. బయలుదేరే ముందు అరిగిన కొన కోసేస్తే కప్పీ మీదికి కొత్త భాగం వస్తుంది. దారిలోనూ రోజూ రెండు మూడు అంగుళాలు వదులుతారు. ఇంత చౌకగా తాడు ఆయుష్షు పెంచే పద్ధతి ఇంకోటి లేదనిపిస్తుంది.

చివరగా తుఫాను చాప. చిన్నది, మందం ఎక్కువ, వాడే రోజు రాకూడదనే కోరుకుంటారు. అయినా గాలిలేని రోజున రేవులోనే దాన్ని ఎక్కించి, తాళ్లు ఎక్కడినుంచి లాగాలో తేల్చుకోవాలి. సంచి విప్పకుండా జాబితాలో టిక్కు పెడితే, నా లెక్కలో ఆ తనిఖీ జరగనట్టే.