ఇంగ్లీషు వాక్యం ఎక్కడ దొరుకుతుంది?

ఇంగ్లీషు రావాలంటే ఏం చేయాలని ఎవరినడిగినా మూడు సలహాలు తప్పకుండా వస్తాయి. ఇంగ్లీషు సినిమాలు చూడు, కథల పుస్తకాలు చదువు, పదాల ఆటలు ఆడు. ఏది చేసినా ఫలితం ఒకటే అన్నట్టు మూడింటినీ ఒకే గాటన కట్టేస్తారు. డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పనిలో ఈ మూడింటినీ క్లాసులో వాడుతూనే ఉన్నాను. వీటిలో ఒకదానికి నేను పెద్దపీట వేస్తాను, ఇంకోదాన్ని అనుమానంగానే చూస్తాను. ఎందుకో చెప్పాలంటే గాల్లో మాట్లాడటం కన్నా మూడు నమూనాలు పక్కపక్కన పెట్టుకోవడం మేలు: సిడ్నీ లూమెట్ 1957లో తీసిన ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ సినిమా, 1935లో వచ్చిన ఆర్.కె. నారాయణ్ నవల ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’, అక్షరాల బిళ్లలతో బోర్డు మీద మాటలు కూర్చే ‘స్క్రాబుల్’ ఆట.

మూడింటినీ ఒకే ప్రశ్న అడుగుతాను. తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లకి సొంతంగా ఒక ఇంగ్లీషు వాక్యం చెప్పగల శక్తి దేనివల్ల వస్తుంది? మన పిల్లలకు మాటలకేం కరువు లేదు. బస్సు, టికెట్టు, ఛార్జర్, ఇంటర్వ్యూ, ఇలా రోజూ నోట్లో నానే ఇంగ్లీషు మాటలు వందల్లో ఉంటాయి. కష్టమంతా వాటిని వరసలో పెట్టడంలోనే. తెలుగులో క్రియ తాపీగా చివరికొస్తుంది, ఇంగ్లీషులో కర్త వెనకే వచ్చేయాలి. మనసులో తెలుగు వాక్యం పూర్తిచేసుకుని, దాన్ని తిరగేసి చెప్పబోయేసరికి ఎదుటివాళ్ల ఓపిక అయిపోతుంది. ఆ తడబాటును తెలివితక్కువతనంగా లెక్కగట్టేవాళ్లు మన ఇంటర్వ్యూ గదుల్లో ఇంకా ఉన్నారు. తెలివైన పిల్లలు అక్కడ తలదించుకుని బయటికి రావడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ముందు సినిమా సంగతి. ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ దాదాపు మొత్తం ఒకే గదిలో నడుస్తుంది. ఉక్కపోత, తిరగని ఫ్యాను, పన్నెండుమంది జ్యూరీ సభ్యులు, గంటన్నర మాటలు. తండ్రిని కత్తితో పొడిచి చంపాడన్న కేసులో ఒక కుర్రాడి ప్రాణం వాళ్ల చేతిలో ఉంటుంది. మొదటి ఓటింగులో పదకొండుమంది దోషి అంటారు. హెన్రీ ఫోండా వేసిన ఎనిమిదో సభ్యుడొక్కడే ఒప్పుకోడు. అలాగని కుర్రాడు నిర్దోషి అనీ అనడు, తనకు తెలియదంటాడు, కాసేపు మాట్లాడుకుందామంటాడు. అక్కణ్నుంచి అతని మాటల నిండా ‘ఒకవేళ’లు, ‘అలా జరిగి ఉండొచ్చు’లు, ‘అదే నిజమైతే’లు. మన గ్రామర్ పుస్తకాల్లో ఇవన్నీ ఖాళీలు పూరించే అభ్యాసాలు. ఇక్కడ మాత్రం వాటి మీదే ఒక మనిషి బతుకు ఆధారపడి ఉంది. ఎదుటివాణ్ని నొప్పించకుండా కాదనడం ఎలాగో, గట్టిగా కాదనాల్సివస్తే ఎలాగో నేర్పే పాఠం ఇంత బాగా ఉన్న సినిమా నాకు ఇంకోటి తెలియదు.

సినిమా మాత్రమే ఇవ్వగలిగింది మరొకటుంది. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వంతు దానికి ఇచ్చి పలుకుతాం. ఇంగ్లీషులో ఊనిక పడని మాటల్ని సగం మింగేస్తారు. ‘కుడ్ హావ్’ అని అచ్చులో చూసిన పిల్లకి తెర మీద వినిపించేది ‘కుడవ్’. ముఖ్యమైన మాట మీద గొంతు లేచి, మిగతావి దాని కింద సర్దుకుపోయే ఆ నడక ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఈ సినిమాలో రెండు ఘట్టాలు పోల్చి చూడండి. అందరూ గుర్తుపెట్టుకునేది కత్తి ఘట్టం. హత్యకు వాడిన కత్తిలాంటిది ఊళ్లో ఇంకోటి లేదని వాదిస్తుంటే, ఎనిమిదో సభ్యుడు జేబులోంచి అచ్చం అలాంటిదే తీసి బల్లలో గుచ్చుతాడు. హాల్లో పిల్లలంతా ఒక్కసారి ముందుకు వంగుతారు. రెండోది చిన్నది, చాలామందికి గుర్తుండదు. ఆ కుర్రాడికి సరిగ్గా ఇంగ్లీషు కూడా రాదని పదో సభ్యుడు ఈసడిస్తాడు, ఆ ఈసడింపులోనే క్రియ తప్పు వాడతాడు. యూరప్ నుంచి వలస వచ్చిన గడియారాల పనివాడు, పదకొండో సభ్యుడు, ఆ తప్పును నెమ్మదిగా దిద్దుతాడు. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాడు తప్పు మాట్లాడితే, నేర్చుకున్నవాడు దిద్దుతున్నాడు! మన పిల్లలకు ఇంతకన్నా ధైర్యమిచ్చే క్షణం ఏముంటుంది? కానీ కత్తి ఘట్టం అర్థం కావడానికి భాషే అక్కర్లేదు. దిద్దిన ఘట్టం అందాలంటే మాట మాటా చెవిన పడాలి. క్లాసులో మొదటిది అందరికీ అందుతుంది, రెండోది ఏ కొద్దిమందికో. సినిమా బలహీనత అదే. ముఖాలు, కదలికలు, సంగీతం కథను లాక్కుపోతుంటే భాష అందకపోయినా చూసేవాడికి లోటు తెలియదు. యాక్షన్ సినిమాల సంగతి సరేసరి, అవి ఇప్పుడు తెలుగు డబ్బింగులోనే ఇంటికొస్తున్నాయి. ఇంగ్లీషు వినిపించాలన్నా వినిపించదు.

తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకున్నా చెవి నిద్రపోతుంది. ఇంగ్లీషు మాటకు ఇంగ్లీషు అక్షరాలే కింద ఉంటే, విన్నది కన్ను పట్టుకుంటుంది. మన దేశంలోనే దీనికి ముందు దారి ఉంది. అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యుడు బ్రిజ్ కొఠారి 1996లో మొదలుపెట్టిన పని ఇలాంటిదే. టీవీలో వచ్చే సినిమా పాటల కింద అదే భాషలో పాట మాటలు వేయించారు, అరకొరగా చదవగలిగినవాళ్ల చదువు నిలబడటానికి. పాట అయినా వాదన అయినా సూత్రం ఒకటే.

ఇక నవల. పిల్ల ఇంగ్లీషులో వెనకబడిందంటే మన ఇళ్లలో ముందు కొనేది రెన్ అండ్ మార్టిన్ గ్రామరు. ఆ రెన్ స్వయంగా నవలాకారుడు, ‘బో జెస్ట్’ రాసింది ఆయనే. ఆయన గ్రామరు మన చేతికిచ్చారు, నవల ఎందుకివ్వలేదో! గ్రామరు వాక్యాన్ని విప్పి చూపిస్తుంది. వాక్యాలు ఒకదాని వెనక ఒకటి ఎలా నడుస్తాయో చూపించాలంటే కథ కావాలి.

‘స్వామి అండ్ ఫ్రెండ్స్’లో స్వామినాథన్‌కి తండ్రి ఒక లెక్క ఇస్తాడు. రాముడి దగ్గర పది మామిడిపళ్లున్నాయి, వాటితో పదిహేను అణాలు రాబట్టాలనుకున్నాడు, కృష్ణుడికి నాలుగే కావాలి, ఎంతివ్వాలి? లెక్క ఒక్క అంగుళం కదలదు. రాముడు పదిహేను అణాలే ఎందుకనుకున్నాడు, కృష్ణుడు ఎలాంటివాడు అని ఆలోచిస్తూ స్వామి కూర్చుంటాడు. చివరికి ఆ పళ్లు పండినవా, పచ్చివా అని తండ్రినే అడుగుతాడు. జవాబు ఆరు అణాలే, కానీ పాపం వాడికి పళ్లు కళ్లముందు కనిపిస్తున్నాయి. ఈ పేజీ చదివిన తెలుగు పిల్లకి అణా అంటే ఏమిటో చెబితే చాలు, ఇంకేదీ వివరించక్కర్లేదు. మామిడిపళ్లు తెలుసు, లెక్కలు చెప్పే నాన్న గదీ తెలుసు. కొత్తది ఒక్క ఇంగ్లీషే కాబట్టి మనసంతా దాని మీదే నిలుస్తుంది. నారాయణ్ వాక్యాలు పొట్టివి, నిటారుగా నిలబడతాయి. కర్త, వెంటనే క్రియ. మన పిల్లలు తడబడేది సరిగ్గా ఆ మలుపులోనే. ఒక్కో పేజీలో ఆ మలుపు ఎన్నోసార్లు సాఫీగా తిరుగుతుంది.

భారతీయుడు రాసిన ఇంగ్లీషు చదివితే ‘అసలు’ ఇంగ్లీషు ఎలా వస్తుందని కొందరు మాస్టర్లు ముఖం చిట్లిస్తారు. నేను ఒప్పుకోను. ఈ నవలను చదివి, బావుందని లండన్‌లో అచ్చు వేయించినవాడు ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహం గ్రీన్. తమిళం మాట్లాడే ఇంట్లో పుట్టినవాడు ఇంత తేటగా రాయగలిగాడంటే, ఆ దారి మనకూ తెరిచి ఉన్నట్టే. మొదటి రోజే బయటి దేశపు మంచు, బేకరీ, బిషప్పు అన్నీ కలిపి మింగమంటే పిల్ల భాషకన్నా ముందు ఆ ప్రపంచాన్ని చూసి బెదిరిపోతుంది.

ఒక్క షరతు. పైకి చదవాలి. కళ్లతో చదివితే కథ మిగులుతుంది. నోటితో, ఒకే పేజీని మళ్లీ మళ్లీ చదివితే వాక్యం మిగులుతుంది. నా దగ్గర ఒక అమ్మాయి హాస్టల్ డాబా మీద రోజూ సాయంత్రం ఈ నవల పైకి చదివేది. కొన్నాళ్లకి సెలవు చీటీ రాయడం మానేసి, నా బల్ల ముందు నిలబడి సెలవెందుకు కావాలో మూడు ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పింది. మధ్యలో ఆగలేదు. ఉచ్చారణ మాత్రం పుస్తకం నేర్పదు. మౌనంగా ఉండిపోయే అక్షరాలు ఇంగ్లీషులో లెక్కలేనన్ని, తెలుగు లిపికి అలవాటుపడ్డ పిల్ల రాసిందంతా పలికేస్తుంది. అందుకే నవల ముందు, సినిమా వెనక, రెండూ కావాలి.

మరి ఆట? స్క్రాబుల్ రూపొందించిన ఆల్ఫ్రెడ్ బట్స్ అమెరికా ఆర్థిక మాంద్యంలో పని పోగొట్టుకున్న ఆర్కిటెక్టు. ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో పత్రికల పేజీల్లో లెక్కగట్టి, దాన్నిబట్టి బిళ్లలకు విలువ కట్టాడు. బిళ్లలు మొత్తం 100, వాటిలో ‘ఇ’లు 12, ఒక్కోదానికి 1 పాయింటు. ‘క్యూ’ ఒక్కటే, దానికి 10. లోపం ఇక్కడే మొదలవుతుంది. ఇంగ్లీషులో అందరూ ఎక్కువగా వాడే ‘ద’ అనే మాటకు బోర్డు మీద 6 పాయింట్లు. ‘క్యూ’ పక్కన ‘ఐ’ పెడితే 11. ఆ రెండక్షరాల మాట, చైనా వైద్యంలో ప్రాణశక్తికి పేరు, జీవితంలో ఒక్కసారి కూడా వాడకుండా బతికేయొచ్చు. ‘ద’ ఎక్కడ పెట్టాలో తెలియకే కదా మన పిల్లలు ప్రతి వాక్యంలో చిక్కుకునేది! ఆట అరుదైన అక్షరానికి పట్టం కడుతుంది, మనకు కావాల్సింది వాడుక మాట.

ఇది నా ఊహ కాదనడానికి న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ చాలు. ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే, ఫ్రెంచి పదాల జాబితా బట్టీపట్టి, 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. అసాధారణమైన జ్ఞాపకశక్తి, నమస్కరించాల్సిందే. కానీ భాష రాకుండానే ప్రపంచ విజేత కాగలిగిన ఆటను భాష నేర్పే సాధనమని పిల్లల చేతికి ఎలా ఇవ్వగలం?

స్పెల్లింగ్ పోటీలనూ ఈ ఆట పక్కనే పెట్టి చూడాలి. అమెరికాలో స్క్రిప్స్ స్పెల్లింగ్ పోటీల్లో 2013లో అరవింద్ మహంకాళి, 2024లో బృహత్ సోమ గెలిచినప్పుడు ఇక్కడ మనమూ పొంగిపోయాం. తెలుగు మూలాలున్న ఆ పిల్లలకు ఇంగ్లీషు వాక్యం బడిలో, వీధిలో ముందే వచ్చేసింది. స్పెల్లింగ్ దాని పైన కట్టిన అంతస్తు. పైగా ఆ పోటీలోనే 2013 నుంచి అర్థం అడిగే ప్రశ్నలూ చేర్చారు. పునాది లేనిచోట మనం పై అంతస్తు కట్టబోతున్నాం.

అయినా ఆటను తోసిపుచ్చలేను. నవల ముందు ఒంటరిగా, సినిమా ముందు నిశ్శబ్దంగా కూర్చునే పిల్లలు బోర్డు చుట్టూ చేరితే అరుస్తారు, పోట్లాడుకుంటారు. భయం పోతుంది. ఇంగ్లీషు క్లాసులో భయం పోవడం చిన్న విషయం కాదు. అందుకని మా దగ్గర ఒక నియమం పెట్టాం. మాట పెట్టినవాళ్లు దాంతో ఒక వాక్యం పైకి చెప్పాలి, అదీ తమ ఇంటి గురించో ఊరి గురించో. చెప్పలేకపోతే పాయింట్లు లేవు. వాక్యం తప్పని మిగతావాళ్లు పట్టుకుంటే, ఎందుకు తప్పో ఇంగ్లీషులోనే వాదించాలి. ఆట బాగా నెమ్మదిస్తుంది, గంటలో సగం బోర్డు కూడా నిండదు. ‘క్యూ’ బిళ్ల వచ్చినవాళ్లు దాన్ని చివరిదాకా చేతిలోనే పట్టుకు కూర్చుంటారు. ‘ద’ పెట్టిన కుర్రాడు మాత్రం వాళ్ల నాన్న ఆటో గురించి చెబుతుంటే, ఆ ‘ద’ అక్కడ ఉండాలా వద్దా అని బోర్డుకు రెండువైపులా వాదన నడుస్తూ ఉంటుంది.