చీకటి గదిలో కట్టిన పద్యం

1213లో మురియఖ్ ఆల్బనఖ్ ఓ దాలీ అనే ఐరిష్ కవి కప్పం వసూలుకు వచ్చిన ఒక అధికారిని గొడ్డలితో నరికేశాడు. వాయవ్య తీరాన లిస్సడెల్‌లో కవి ఇంటికి వెళ్లిన ఆ మనిషి తిర్కోనెల్ ప్రభువు ఓ డొనెల్ కొలువులోవాడు, నోరు పారేసుకున్నాడు. ఓ డొనెల్ సేనతో వెంటపడ్డాడు. ఒకరి పంచ నుంచి ఇంకొకరి పంచకు పారిపోతూ కవి చివరికి స్కాట్లండ్ చేరాడు. అక్కడ ఆ ప్రభువును స్తుతిస్తూ, శాంతి కోరుతూ మూడు పద్యకృతులు అల్లాడనీ, ప్రభువు మెత్తబడి భూమి కూడా ఇచ్చాడనీ ఐరిష్ వృత్తాంత గ్రంథాలు చెబుతాయి.

హత్యకు పద్యం పరిహారంగా చెల్లిందంటే, దాని వెనుక శతాబ్దాల చట్టం ఉంది. 8వ శతాబ్దపు న్యాయగ్రంథాల్లో కవులకు ఏడు అంతస్తులున్నాయి. ప్రతి మనిషికీ ఒక గౌరవ మూల్యం ఉండేది; అవమానిస్తే చెల్లించాల్సిన పరిహారం దాన్నిబట్టే. అన్నిటికంటే పై అంతస్తు కవిని ఒల్లవ్ అంటారు. ఒల్లవ్ గౌరవ మూల్యం, ఒక చిన్న రాజ్యమేలే రాజు గౌరవ మూల్యం సమానం. ఆ స్థాయి కవికి 350 కథలు కంఠస్థమై ఉండాలి. వంశావళులు, ఊళ్ల పేర్ల వెనుక గాథలు, వ్యాకరణం, ఛందస్సు సరేసరి. ఇంత చదువు లేకుండా పద్యం చెప్పేవాడు బార్డ్. అతని స్థానం కింద. ఆడవాళ్లు అరుదే అయినా లేకపోలేదు. 934లో మరణించిన ఊలఖ్‌ను ఐర్లండ్ కవయిత్రిగా వృత్తాంతకారులు గౌరవంగా నమోదు చేశారు.

కవి తిడితే ముఖం మీద బొబ్బలు లేస్తాయని నమ్మేవారు. నమ్మకం సంగతి అలా ఉంచినా, నింద పడ్డాక దాన్ని ఊరికే సహించిన రాజు తన గౌరవ మూల్యం పోగొట్టుకునేవాడు. అన్యాయంగా నిందిస్తే కవీ పరిహారం కట్టాలి. 1414లో ఇంగ్లండ్ రాజప్రతినిధి జాన్ స్టాన్లీ, నీల్ ఓ హిగిన్ అనే కవి ఆస్తిని దోచుకున్నాడు. ఓ హిగిన్లు నిందాపద్యం కట్టారు, స్టాన్లీ కొద్ది వారాలకే చనిపోయాడు. కవుల వాక్కే అతన్ని చంపిందని వృత్తాంతకారులు ఏ శంకా లేకుండా రాశారు.

నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది మాత్రం ఆ పద్యాల పనితనం. సుమారు 1200 నుంచి 1650 దాకా వంశపారంపర్య కవి కుటుంబాలు పాఠశాలలు నడిపాయి. 1722లో అచ్చయిన ఒక పుస్తకం ముందుమాటలో ఆ చదువు వర్ణన ఉంది. జనానికి దూరంగా కిటికీలు లేని పొడవాటి ఇల్లు, అందులో చిన్న గదులు, ఒక్కో మంచం. గురువు వస్తువు ఇచ్చేవాడు, ఛందస్సు నియమాలు చెప్పేవాడు. మర్నాడు పగలంతా విద్యార్థులు చీకట్లో పడుకుని మనసులోనే పద్యం కట్టేవారు. పొద్దుపోయాక దీపాలు తెచ్చేవారు. అప్పుడే రాత, ఆ తర్వాత గురువుల ముందు పరీక్ష. ఇలా ఆరేడేళ్లు. అలవాటు ఎంత లోతుగా పాతుకుందంటే, గుర్రం మీద స్వారీ చేస్తూ పద్యం కడుతున్నాడని ఫెరగల్ ఓగ్ అనే కవిని తోటి కవి ఒక పద్యంలోనే తప్పుపట్టాడు.

దీపం లేకుండా వాళ్లు మనసులో మోసిన నియమాలు చూడండి. ఎక్కువగా వాడిన దెవీ ఛందస్సులో పాదానికి ఏడు అక్షరాలు. మొదటి పాదం చివరి మాట కన్నా, దానితో ప్రాస కలిసే రెండో పాదం చివరి మాట ఒక అక్షరం పొడవుండాలి. పాదంలోపల రెండు మాటలు ఒకే ధ్వనితో మొదలవ్వాలి. మన యతిలో కొన్ని అక్షరాలకు మైత్రి ఉన్నట్టే, ప్రాస కోసం వాళ్లు హల్లులను ఆరు వర్గాలు చేశారు. ప, త, క ధ్వనులు ఒక వర్గం, బ, ద, గ ధ్వనులు ఇంకోటి. ఒకే వర్గంలోవైతే ప్రాస చెల్లుతుంది, అచ్చు మాత్రం మారకూడదు. కృతి ఏ మాటతోనో ధ్వనితోనో మొదలైందో దానితోనే ముగియాలి. పూర్తయ్యాక సభలో వినిపించేది కవి కాదు, చదివేందుకు వేరే మనిషి. పక్కన హార్ప్ వాయిద్యం.

ఇదంతా డబ్బిచ్చినవాడి భజన అని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. రాజు ధర్మంగా ఉంటే పంట పండుతుందని, తప్పితే ప్రకృతే తిరగబడుతుందని ఆ సమాజం నమ్మింది. కవి స్తుతి రాజుకు అర్హతాపత్రం, నలుగురి ముందూ పెట్టిన షరతు కూడా. దాతవని పొగిడించుకున్న ప్రభువు ఇవ్వకుండా తప్పించుకోలేడు. 1591లో మరణించిన టైగ్ డాల్ ఓ హిగిన్, నార్మన్ సంతతి బర్క్ ప్రభువుల కోసం చేసిన వాదన చూడండి: ఐర్లండ్ ఎప్పుడూ కత్తితో గెలిచినవాళ్లదే, అలాంటప్పుడు బర్క్‌ల హక్కు ఎవరికి తీసిపోయింది? ఇది పొగడ్త వేషంలో ఉన్న రాజకీయ వాదం.

1601లో కిన్‌సేల్ యుద్ధంలో ఐరిష్ ప్రభువులు ఇంగ్లండ్ సేన చేతిలో ఓడిపోయారు, 1607లో ఉత్తరాది ప్రభువులు ఓడెక్కి దేశం విడిచారు. పోషకులు లేక పాఠశాలలు ఆగిపోయాయి. 1631లో ఫ్లాండర్స్‌లోని ఆస్టెండ్‌లో, ప్రవాసంలో ఉన్న ఒక ఐరిష్ సైనికాధికారి కోసం వందల పద్యకృతులతో ఒక ప్రతి రాశారు. అలాంటి ప్రతుల వల్లే ఇప్పటికి దాదాపు 2,000 కృతులు మిగిలాయి. లేఖకుడు ఎక్కడైనా మాట తప్పు రాస్తే అక్షరాల లెక్క చెడుతుంది, లేదా ప్రాస వర్గం తప్పుతుంది. ఈనాటి పరిష్కర్తలు ఆ జాడ పట్టుకునే అసలు పాఠాన్ని సరిచేస్తున్నారు.