నోట్లోకి వెళ్లే బొమ్మ

తీర్థానికి వెళ్లి పిల్లాడికి బొమ్మ కొనకుండా తిరిగి రావడం కోనసీమలో ఎవరి వల్లా కాదు. శివరాత్రికి పలివెల కొప్పులింగేశ్వరుణ్ణి చూసుకుని బయటికొచ్చిన తాతయ్య కొట్టు ముందు ఆగితే చూసేది మూడే: రంగు, చప్పుడు, ధర. ఇంట్లో ఉన్న ఏడాది పిల్లాడు మాత్రం ఆ బొమ్మని నోటితో చూస్తాడు. చేతికందిన ప్రతిదాన్నీ చప్పరించి, కొరికి, చిగుళ్లతో నలిపి తెలుసుకోవడం ఆ వయసు స్వభావం. దాన్ని మాన్పించలేం, మాన్పించకూడదు కూడా. కాబట్టి మూడేళ్లలోపు వాళ్లకి కొనేటప్పుడు ప్లాస్టిక్కా చెక్కా, చైనాదా మనదా అనే వాదనని కాసేపు పక్కనపెట్టి, నోట్లోకి వెళితే ఏమవుతుందో ముందు అడగాలని నా అభిప్రాయం.

ఈ ప్రశ్నకి కొలత కూడా ఉంది. బొమ్మల పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు. బొమ్మ గానీ, దాన్నుంచి ఊడిన ముక్క గానీ అందులో పూర్తిగా ఇమిడిపోతే అది మూడేళ్లలోపు పిల్లలకి పనికిరాదు. మన పది రూపాయల బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు. దానికంటే కొంచెం పెద్ద రంధ్రం అనుకోండి. గుండ్రటి బంతి గొంతుని పూర్తిగా మూసేస్తుంది కాబట్టి దానికి హద్దు ఇంకా పెద్దది, 44.5 మిల్లీమీటర్లు. కొట్టు దగ్గర గొట్టం ఉండదు, బొటనవేలు ఉంటుంది. కారు చక్రాన్ని, కుక్కపిల్ల కన్నుని, నొక్కితే కుయ్‌మనే రబ్బరు బొమ్మ అడుగున ఉండే పీకని గట్టిగా లాగి చూడాలి. మన చేతిలో ఊడేది పిల్లాడి చేతిలో ఇవాళ కాకపోతే రేపు ఊడుతుంది. మెడలో పడే తాడు జానెడుకి మించకూడదు. బొమ్మల్లో ఊపిరాడకుండా చేసి ఎక్కువ ప్రాణాలు తీసింది గాలిబూర అని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఏళ్లుగా హెచ్చరిస్తోంది. పేలిన బూర ముక్క గొంతుకి అతుక్కుపోతే ఊదినా దగ్గినా రాదు. వెలిగే బొమ్మల్లోని బిళ్ల బ్యాటరీ ఇంకో రకం ప్రమాదం. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని, తడి తగలగానే కరెంటు పారి, రెండు గంటల్లోనే లోపలి పొరని కాల్చేస్తుంది. బ్యాటరీ మూతకి స్క్రూ లేని బొమ్మని ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి.

ఇదంతా ప్లాస్టిక్ వచ్చాకే వచ్చిన గొడవ, మన కాలపు ఆటవస్తువులకి ఈ భయం లేదనేవారు చాలామంది. కొబ్బరాకు బూర, ముంజెకాయల బండి, తాటాకు బొమ్మల మీద ఉన్న మమకారం నాకూ ఉంది. కానీ ముంజెకాయల బండిని తోసింది ఆరేడేళ్ల పిల్లలు. దాన్ని తోసే పుల్ల ఏడాదిన్నర పిల్లాడి చేతిలో కంటికే గండం. వామనగుంటల్లో వేసే చింతగింజ ముక్కులో దూరితే తడికి ఉబ్బి మరింత బిగుసుకుంటుంది. అన్నిటికంటే బలమైన సాక్ష్యం గురివింద గింజ. మట్టి వినాయకుడికి కళ్లుగా పెట్టే ఆ ఎర్రటి గింజ ఎంత అందమైనదో లోపలి అబ్రిన్ అంత విషం. పైతొక్క చెక్కుచెదరకపోతే మింగినా చాలాసార్లు అలాగే బయటికొచ్చేస్తుంది. దండ గుచ్చడానికి బెజ్జం వేసినా, పిల్ల కొరికినా విషానికి దారి దొరుకుతుంది. చెట్టుకి కాసింది కదా అన్న ఒక్క కారణంతో ఏ గింజనీ పసివాళ్ల చేతికివ్వలేం.

మరి ఏటికొప్పాక లక్కబొమ్మలు? నేను ధైర్యంగా సిఫారసు చేసేవాటిలో అవి ముందుంటాయి, అయితే కారణం తెలుసుకుని కొనాలి. అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో అదిమి నునుపు చేస్తారు. అంచు ఉండదు, పెచ్చు లేవదు. అయితే నోటికి తగిలేది ఆ రంగే కదా. మధ్యలో రసాయన రంగులు చొరబడి ఏటికొప్పాక పేరుకే ముప్పు తెచ్చినప్పుడు, సి.వి.రాజు గారు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి రంగుల్ని కళాకారులకి మళ్లీ అలవాటు చేశారు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. కాబట్టి లక్కబొమ్మ కొనేటప్పుడు రంగు దేంతో తీశారని అడగడం కళని అవమానించడం కాదు, ఆ శ్రమని గౌరవించడం. కొండపల్లి సంగతి వేరు. పొణికి చెక్క ముక్కల్ని చింతగింజల మక్కుతో అతికి, పైన రంగులు వేసిన ఆ బొమ్మ కొలువులో పెట్టుకోవడానికి పుట్టింది. అంబారీ ఏనుగుని ఏడాది పిల్లాడికివ్వడం బొమ్మకీ మంచిది కాదు, పిల్లాడికీ మంచిది కాదు.

రంగు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం సీసం. పెద్దవాళ్ల ఒంట్లోకి ఇంకే సీసం కంటే పసిపిల్లల కడుపు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. ఇంతవరకు ఫర్వాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. జ్వరం రాదు, దద్దురు రాదు. చదువులో, నడతలో ఎప్పటికో తేడా కనిపిస్తుంది. పెద్ద కంపెనీ పేరు చూసి నమ్మడానికీ లేదు: 2007లో మాటెల్ సంస్థే సీసపు రంగు వల్ల లక్షల బొమ్మల్ని వెనక్కి పిలిపించుకుంది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి అయింది. బొమ్మ నుంచి ఊరే సీసం కిలోకి 90 మిల్లీగ్రాములు దాటకూడదు. ముద్ర కింద సీఎం/ఎల్ అంకె ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నిజమో కాదో తేలిపోతుంది. నమోదైన హస్తకళాకారులకీ, భౌగోళిక గుర్తింపు పొందినవాటికీ ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. అందువల్ల ముద్ర లేదని ఏటికొప్పాక బొమ్మని తోసెయ్యనక్కర్లేదు, మినహాయింపు ఉందని కళ్లు మూసుకోనూ అక్కర్లేదు.

మేమందరం ఏది పడితే అది నోట్లో పెట్టుకునే పెరిగాం, ఏమైందని అడుగుతారు. ఆ మాట అనగలిగింది క్షేమంగా పెరిగినవాళ్లు. గొంతులో గింజ అడ్డుపడి పోయిన పిల్లలు వచ్చి సాక్ష్యం చెప్పరు. పైగా అప్పటి బొమ్మల్లో బిళ్ల బ్యాటరీ లేదు, పేగుల్ని అటూఇటూ పట్టి బిగించే బలమైన అయస్కాంతం లేదు. ఇన్ని చూసుకుంటూ పోతే పేదవాడు బొమ్మే కొనలేడన్న అభ్యంతరం ఇంకొంచెం బరువైనది. కానీ ఏడాది పిల్లాడికి నున్నటి అంచున్న స్టీలు గిన్నె, చెక్క గరిటె, ముడేసిన మెత్తటి గుడ్డ చాలు. వాటికి పైసా ఖర్చు లేదు. తీర్థంలో బొమ్మలమ్మేవాడి పొట్ట కొట్టమనీ అనడం లేదు. అతను టోకు వ్యాపారి ఇచ్చిందే తెచ్చి పరుస్తాడు. స్క్రూ మూత లేనిది వద్దు, చక్రం ఊడేది వద్దు అని పదిమంది తిరిగిచ్చేస్తే, వచ్చే తీర్థానికి సరుకు ఎత్తేముందు అదే మాట అతను టోకు వ్యాపారిని అడుగుతాడు.