నాలుగు దిక్కుల సినిమా

పోయిన దసరాకు బెంగుళూరు నుంచి వచ్చిన మా అబ్బాయి పెట్టెలాంటి కళ్ళద్దాలు తెచ్చి నా ముఖానికి తగిలించాడు. "తల వెనక్కి తిప్పి చూడు నాన్నా" అన్నాడు. తిప్పాను. ముందూ వెనకా మంచు, పైన మంచు, కింద చీకటి నీళ్ళు. కెనడా ఛాయాగ్రాహకుడు పాల్ నిక్లెన్ బృందం నేషనల్ జియోగ్రాఫిక్ కోసం అంటార్కిటికాలో తీసిన 'పోలార్ అబ్సెషన్ 360' అది. కాసేపటికి మావాడు "లెపర్డ్ సీల్ వచ్చింది, చూశావా?" అన్నాడు. చూడలేదు. అప్పుడు నేను అటువైపు మంచు అడుగు భాగం చూస్తున్నాను.

ఈ వ్యాసం రాయాలనిపించింది అందుకే. కెమెరా అన్ని వైపులా చూస్తే దర్శకుడు చేయవలసిన పని ఏమి మిగులుతుంది?

ముందు పద్ధతి సంగతి. ఒకే చట్రంలో అన్ని దిక్కులకూ కెమెరాలు బిగిస్తారు. ఒక్కొక్కటి తీసిన బొమ్మ పక్కదాని మీదికి కొంత వస్తుంది. ఆ అంచులను కంప్యూటరు కలిపి కుడుతుంది. నీటిలో చిక్కు ఎక్కువ. బల్లపరుపు అద్దం గుండా వచ్చేటప్పుడు కాంతి వంగి చూపు మేర కుంచించుకుపోతుంది కనుక గుండ్రటి గాజు గిన్నె అమర్చాలి. జంతువు మరీ దగ్గరకు వచ్చి సరిగ్గా కుట్టు మీద నిలిస్తే దాని ఒళ్ళు రెండు ముక్కలవుతుంది. దూరంగా ఉంటే చుక్కలా కనిపిస్తుంది. అంచేత ఈ కెమెరాకు తనంతట తాను వచ్చి పలకరించే ప్రాణి కావాలి.

లెపర్డ్ సీల్ అలాంటిదే. నిక్లెన్‌కు దానితో పాత పరిచయం. ఒక ఆడ సీల్ రోజుల తరబడి అతనికి పెంగ్విన్లను పట్టి తెచ్చి ఇవ్వజూసింది. ముందు ప్రాణమున్నవి, అతను తినడం లేదని తోచాక చచ్చినవి. 2006లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వచ్చిన ఆ ఛాయాచిత్రాలు చూసినవారికి ఆ తెరిచిన నోరు మరుపు రాదు. అక్కడ ఏ క్షణంలో మీట నొక్కాలో ఒక మనిషి తేల్చుకున్నాడు. నాలుగు దిక్కుల సినిమాలో ఆ తేల్చుకోవడాన్ని నా మెడకు అప్పగించారు. నా మెడకు అంత నేర్పు లేదు.

దీనికి ఎదురుగా వెర్నర్ హెర్జోగ్ 2007లో తీసిన 'ఎన్‌కౌంటర్స్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ది వరల్డ్' పెట్టి చూడండి. గిటారు వాయిద్యకారుడు, ఈతగాడు అయిన హెన్రీ కైజర్ రాస్ సముద్రపు మంచు కింద తీసిన దృశ్యాలే హెర్జోగ్‌ను అక్కడికి లాక్కెళ్ళాయి. వాటిని అతడు 2005లోనే 'ది వైల్డ్ బ్లూ యాండర్'లో వాడుకున్నాడు. కైజర్ కెమెరా చూసేది ఒక్కవైపే. కాని ఆ చట్రం దాటి ఇంకా ఎంత చీకటి ఉందో మనకు తెలుస్తూనే ఉంటుంది. మంచు మీద చెవి ఆనించి కింద వెడెల్ సీళ్ళు చేసే చిత్రమైన ధ్వనులు వింటున్న శాస్త్రజ్ఞులను చూపే ఘట్టంలో సీల్ ఎక్కడా నోరు విప్పి కనిపించదు. అయినా ఆ రాత్రి నాకు కలలోకి వచ్చింది అదే. శామ్యూల్ బౌసర్ పరిశోధించే ఫొరామినిఫెరా అయితే ఏకకణ జీవులు, ఏ కెమెరా దగ్గరికీ వాటంతట అవి రావు. ఒకరు వేలు పెట్టి చూపించాల్సిందే.

హెర్జోగ్‌తో నాకు పేచీ లేకపోలేదు. మంచు కింద ఆ బృందగానం ఎందుకు? భక్తి కలగాలని పక్కన నిలబడి మోచేత్తో పొడిచినట్టుంది.

నాలుగు దిక్కులవారి వాదమూ వినాలి. ఎడిటింగు కత్తెర మోసం చేస్తుందంటారు వారు. 2011లో బి.బి.సి. 'ఫ్రోజెన్ ప్లానెట్' ధారావాహికలో ధ్రువపు ఎలుగు పిల్లలను జంతుప్రదర్శనశాలలో తీసి, ఆర్కిటిక్ దృశ్యాల మధ్య కలిపారని పెద్ద రగడ జరిగింది. నిజమే. కాని అదే ధారావాహికలో, సముద్రపు మంచులోంచి ఉప్పునీటి ధార కిందికి దిగుతూ చుట్టూ నీటిని గడ్డకట్టించి, అడుగునున్న సముద్ర నక్షత్రాలను చంపే దృశ్యముంది. గంటల తరబడి సాగే ఆ పనిని హ్యూ మిల్లర్, డగ్ ఆండర్సన్ ఒకే చోట కెమెరా నిలిపి నిమిషాల్లో చూపించారు. కాలాన్ని అలా కుదించకపోతే మన కంటికి అక్కడ కదలికే తెలియదు.

పైగా ఈ కొత్త పద్ధతిలో మాత్రం చెరపడం లేదా? కెమెరా నిలిపిన స్టాండును సాధారణంగా కంప్యూటరులో తుడిచేస్తారు. మా బ్యాంకులో ఒక అంకె కొట్టేస్తే పక్కన పొడి సంతకం పెట్టాలి. ఇక్కడ ఆ సంతకమూ ఉండదు.

పండుగ వెళ్ళేలోగా ఆ సినిమా మళ్ళీ చూశాను. ఈసారి లెపర్డ్ సీల్ దొరికింది. అది వెళ్ళిపోయిందాకా తల తిప్పలేదు. వెనక ఏం జరిగిందో మా అబ్బాయిని అడిగితే, తనూ సీల్‌నే చూశానన్నాడు.